కొమురమ్మకు వచ్చిన సున్నా

కోరుట్ల దాటితే మల్లాపూర్ రోడ్డులో అనంత్ రావు గారి ఎకో రిసార్ట్ ఉంది. ప్రకృతి మీద ప్రేమతో రెండెకరాల మామిడితోట నరికించి మరీ కట్టారు. అందులో కొమురమ్మ ఏడేళ్లుగా గిన్నెలు తోముతోంది. రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచి వస్తుంది. కూరగాయలు కడిగిన నీళ్లు పూలమొక్కలకు పోస్తుంది. మిగిలిన అన్నం మెతుకు పారేయకుండా ఇంటి బర్రెకు మోసుకుపోతుంది. దీన్నే పర్యావరణం అంటారని పాపం ఆమెకు తెలియదు.

ఆమెకు కావలసింది పర్మినెంటు నౌకరీ. అది వస్తే ఈఎస్ఐ కార్డు వస్తుంది, భర్త కనకయ్య మోకాళ్లకు వైద్యం దొరుకుతుంది.

ఈమధ్య సిబ్బంది వ్యవహారాలు చూడటానికి ఎంబీఏ చదివిన సుస్మిత మేడం వచ్చింది. వస్తూనే గ్రీన్ మార్కులు పెట్టింది. పోయిన నెల కంటే పెట్రోలు, నీళ్లు, తిండి వృథాను ఎవరు ఎక్కువ తగ్గిస్తే వాళ్లను పర్మినెంటు చేస్తారు, నెలకొకరిని.

రిసెప్షన్‌లో కూర్చునే హరీశ్ బుల్లెట్ బండిని గేటు బయట ఆపి, అక్కడి నుంచి లోపలికి సైకిల్ తొక్కుతూ ఫొటో దిగాడు. తొంభై మార్కులు, పర్మినెంటు. కొమురమ్మకు సున్నా.

“గిదేంది మేడం? నేను రోజు నడిచే అస్తున్న గదా!”

“పోయిన నెల గూడ నడిచే వచ్చినవ్ గదా. మరి తగ్గించిందేముంది?” అంది సుస్మిత జాలిగా. “నీళ్లయినా, అన్నమైనా గంతే. ముందుగాల పారబోస్తేనే గదా, తర్వాత ఆపినట్టు!”

చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా? వింటుంటేనే ఒళ్లు మండుతుంది. కొమురమ్మకు మాత్రం దారి దొరికింది. మరుసటి నెలంతా ఆటోలో వచ్చింది. నల్లా తిప్పి వదిలేసింది. మిగిలిన అన్నం బకెట్లకు బకెట్లు మోరీలో పోసింది. ఆపై నెల మళ్లీ ఎప్పటిలాగే నడిచి వచ్చి పని చేసుకుంది. వందకు తొంభై ఎనిమిది!

అనంత్ రావు గారు శాలువా కప్పి పర్మినెంటు కాగితం ఇచ్చారు. సుస్మిత మైకు అందించింది.

“గింత మార్పు ఎట్ల వచ్చిందో అందరికీ చెప్పు, కొమురమ్మా.”

“మార్పేం లేదు మేడం. ఒక నెల పాడు చేసిన, ఒక నెల చెయ్యలె.”

అందరూ చప్పట్లు కొట్టారు. అవి ఆగాక కూడా కొమురమ్మ మైకు వదల్లేదు.

“నా బతుకుల ఎన్నడు అన్నం మోరీల పొయ్యలె. మా ముసలాయన మోకాళ్లకోసం పోసిన. గా నెలంత ఇంటికి పోయి బువ్వ ముందట కూసుంటే, ముద్ద గొంతు దిగలేదు మేడం.”