‘రాదు’ అని రాసిన చేతులు

బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు గుండీలు కుట్టే ఆవిడను అందరూ గుండీలక్క అంటారు. ఆవిడ నోరు తెరిస్తే కుట్టుమిషన్లే చిన్నబోవాలి! అంత నోరున్న మనిషి పుట్టింట్లో మాట్లాడేది మాత్రం చేతులతోనే. వాళ్లమ్మకు పుట్టుచెవుడు మరి. పనిచోట ఈ సంగతి ఎన్నడూ పొక్కనివ్వలేదు. బడిలో "మూగదాని కూతురు" అని వెక్కిరించిన ముల్లు ఇంకా లోపలే ఉంది.

చేతి కదలికలను చూసి అనుకరించేటప్పుడు మెదడులో ఏం జరుగుతుందో చూస్తామని ఆసుపత్రివాళ్లు పిలిస్తే, సగంరోజు సెలవు కలిసొస్తుందని తోటి కుట్టుపనావిడతో కలిసి వెళ్లింది. కాగితంలో ‘సైగల భాష వచ్చా?’ అన్నచోట ‘రాదు’ అని రాసేసింది.

తలెత్తితే ఎదురుబెంచీ మీద అమ్మ! సైగలు వచ్చినవాళ్ల గుంపుతో వచ్చింది. మొహం చాటంత చేసుకుని చేతులాడించింది: ‘తిన్నావా?’

"ఎవరక్కా ఆవిడ? నిన్నే చూస్తోంది" అంది తోటావిడ.

"ఏమో, నాకేం తెలుసు!" అంటూ గుండీలక్క చేతులు సంచిలో దూర్చింది. అమ్మకు మాట వినపడలేదు గానీ సంచి కనపడింది. లేచిన చేతులు మెల్లగా ఒళ్లోకి దిగిపోయాయి.

మెదడు ఫొటో తీసే మెషిన్‌లో పడుకోబెట్టి, చూసి చెయ్యమంటూ తెరమీద ఏవో అర్థంలేని చేతి కదలికలు చూపించారు. రానట్టు నటిద్దామనుకుంది. చేతులు మాట వింటేనా? చూసీచూడగానే చేసేశాయి.

"సైగలు రావన్నవాళ్లంతా వేళ్లు తడుముకున్నారమ్మా, మీరు తప్ప" అంది డాక్టరమ్మ, కాగితం ముందుపెట్టి. "సైగలు వచ్చినవాళ్ల మెదడు ఈ పని వేరేగా చేస్తుందా అనే కదా మేం చూస్తున్నది! నిజం చెప్పకపోతే రెండు గుంపులూ కలగాపులగమైపోవూ?"

గుండీలక్కకు తల కొట్టేసినట్టయింది. "వచ్చండీ. బయట కూర్చున్నావిడే నేర్పింది. మా అమ్మ."

‘రాదు’ కొట్టేసి ‘వచ్చు’ అని రాసింది. కాగితం మీదిది సరే, అమ్మ చూసినదాన్ని ఎలా కొట్టేయడం?

బయటికొచ్చి, అందరి ముందూ అమ్మ ఎదుట నిలబడి ‘తప్పయింది’ అని చేతులతో చెప్పింది. అమ్మ మొహం తిప్పుకుంది. ఆవిడ విననని చెప్పడం అలాగే. గుండీలక్క ఆ పక్కకు వెళ్లి మళ్లీ చెప్పింది. మళ్లీ తిప్పుకుంది. మళ్లీ ఈ పక్కకు.

"మీ అమ్మా!" తోటావిడ నోరెళ్లబెట్టింది. "ఏమో తెలీదన్నావే?"

అమ్మ చెయ్యి చాచి, గుండీలక్క భుజం మీది సంచి లాగి తన వెనకాల పెట్టుకుంది. అప్పుడు అడిగింది: ‘తిన్నావా?’

సిగ్గుతో తల దించుకోవాలనిపించింది. దించుకుంటే అమ్మ మాట అందదు. తడికళ్లతో అలాగే చూస్తూ, ‘లేదు’ అంది.