గేటు ముందు పది అడుగులు

మొయినాబాద్‌లో పెద్ద రోడ్డు నుంచి తిరిగే గల్లీలో మొదటి ఇల్లు మాది. గేటు ముందు పది అడుగుల జాగా ఉంది. దాని కోసం జరిగిన యుద్ధాలు రాయాలంటే మండలంలోని నోటుబుక్కులన్నీ కొనుక్కోవాలి. పక్కనే టిఫిన్ సెంటర్. ఆదివారం వస్తే జన్వాడ ఫామ్‌హౌస్‌లకు పోయే సగం పట్నం అక్కడ దోసె తింటుంది, మిగతా సగం కార్లో కూర్చుని దోసె కోసం హారన్ కొడుతుంది. రెండు సగాలూ బండి ఆపేది మాత్రం నా గేటు ముందే.

నాకు చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు పడిపోయింది. వెనక అదనపు చక్రాలు బిగించిన స్కూటీ మీద తిరుగుతాను, దిగితే చంకకర్ర. ఇన్నేళ్లూ నన్ను మోసిన భుజం పోయినేడు సమ్మెకు దిగింది. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, ఇకనుంచి ప్రతి అడుగూ లెక్కపెట్టుకుని వేయమన్నాడు. లేకపోతే కర్రతో పని ఉండదు, చక్రాల కుర్చీయే అన్నాడు. లెక్కపెట్టాను. గేటు ముందు జాగా దొరికితే తలుపు దాకా పన్నెండు అడుగులు. దొరక్కపోతే మందుల దుకాణం దగ్గర స్కూటీ ఆపి నూట నలభై.

వికలాంగుల బండికి ఇంటి ముందే గీత గీసి జాగా కేటాయిస్తారని ఎక్కడో చదివాను. ఏ దేశంలోనో చూసుకోలేదు. ఆ పూటే దరఖాస్తు రాస్తే నాలుగు పేజీలు వచ్చింది. మూడో పేజీలో నా భుజం గురించి వినిపిస్తుంటే మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఉల్లిగడ్డలు కోస్తున్నదని తర్వాత గమనించాను.

దాన్ని తీసుకుని చేవెళ్ల ఆర్డీవో ఆఫీసుకు పోయాను. అక్కడి గుమాస్తా నాలుగు పేజీలనూ చేత్తో తూచి చూశాడు.

"అన్నా, పింఛన్‌కు ఫారం ఉన్నది, బస్సు పాసుకు ఉన్నది. బండి పెట్టే జాగకైతే ఇప్పటిదాంక ఎవలు అడగలే."

అయినా మంచివాడు. ముద్ర కొట్టి రసీదు ఇచ్చి, ఒకరోజు మనిషి వచ్చి చూసిపోతాడని చెప్పాడు.

ఒకరోజు అన్నాడే గాని ఏ రోజో చెప్పలేదు. గల్లీలో ఏ బండి చప్పుడైనా లేచేవాణ్ని. పాలాయనకూ, కరెంటు బిల్లు కొట్టేతనికీ, తప్పు అడ్రసుకు వచ్చిన పెళ్లిపత్రికల మనిషికీ నా భుజం చూపించి పరిస్థితి వివరించాను. కుర్చీకీ గేటుకూ మధ్య తిరిగి తిరిగి, డాక్టరు రోజంతటికీ ఇచ్చిన అడుగులను పొద్దున తొమ్మిదింటికే ఖర్చు చేసేవాణ్ని.

"జాగ వచ్చేటాల్లకు ఉన్న భుజం పోతది. జర కూసో," అనేది మా ఆవిడ. కూర్చునేవాణ్ని. మళ్లీ బండి చప్పుడయ్యేది.

చివరికి ఆ మనిషి టేపు పట్టుకుని వచ్చాడు. మా దిక్కు నేల మీద టేపు పడిందంటే భూమి అమ్మకమన్నా అయి ఉండాలి, రోడ్డు వెడల్పన్నా అయి ఉండాలి. మూడో కారణం మా వాళ్లు ఎరగరు. ఆయన టేపు చుట్టక ముందే తెల్లచొక్కా బ్రోకరొకడు సరిగ్గా కొలుస్తున్న చోటే కారు ఆపి, గజం ఎంత పలుకుతున్నదని అడిగాడు. ఇది నా స్కూటీకి అని చెప్పాను. కొనే పార్టీ చాలా పెద్దదేమో, పేరు బయటికి రానివ్వడం లేదనుకుని ఫోన్ తీశాడు. గంటలో ఆ కబురు ఆలూరుకు నాలుగు వరసల రోడ్డుగా చేరింది, కొండకల్‌కు ఆరు వరసలైంది.

కొలతలో తేలిందేమిటంటే, టిఫిన్ సెంటర్ రేకులూ పొయ్యీ నాలుగడుగులు గల్లీలోకి వచ్చాయి. అందుకే వచ్చిన కార్లు నా గేటు మీదికి జరుగుతున్నాయి. సుద్దగీత పొయ్యి కిందికి పోతుంటే టిఫిన్ సెంటర్ ఆయన గరిటె పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. రిపోర్టు పైకి పోవాలి, టైం పడుతుందని చెప్పి టేపు మనిషి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున సుత్తె చప్పుడుకు బయటికి వచ్చాను. టిఫిన్ సెంటర్ ఆయన, భార్య కలిసి రేకుల బోల్టులు విప్పుతున్నారు. పొయ్యి అప్పటికే నాలుగడుగులు వెనక్కి పోయింది.

"రోడ్డు పెద్దగ చేస్తున్నరంట గదనే. వాళ్లొచ్చి పీకుడు కన్న మనమే తీస్తే రేకులన్న మిగుల్తయ్," అన్నాడు.

నోరు మూసుకుంటే నాలుగడుగులు ఊరికే కలిసొచ్చేవి. మూసుకున్నాను కూడా. ఒక ప్లేటు ఇడ్లీ తిన్నంతసేపు మహా నిగ్రహంతో మూసుకున్నాను. ఆయన భార్య రెండోసారి చట్నీ వేస్తుంటే ఇక మింగుడు పడక అంతా చెప్పేశాను. రోడ్డు లేదు, ఆరు వరసలు లేవు, ఒక్క స్కూటీ ఉంది.

ఆయన పానా కింద పెట్టి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఎనిమిదేండ్ల సంది నీకు దోసెలు పోస్తున్న. చేవెళ్ల దాంక పోయినవ్, నా పొయ్యి దాంక రానీకి కాళ్లు రాలేదా నీకు?" అని వెంటనే నాలుక కరుచుకున్నాడు.

"ఒకటే రాలేదు," అన్నాను.

ఆయన భార్య నవ్వింది. ఆయన నవ్వలేదు. "చెప్తే నేనే జరుగుతుంటి గదా అన్నా," అన్నాడు మెల్లగా.

ఆఫీసులో అడిగితే అది హక్కు. పక్కాయనను అడగాలంటే మాత్రం ఇక నడవలేకపోతున్నానని ఒప్పుకోవాలి. నాలుగు పేజీల్లో అంత విస్తారంగా రాసిన మాటను ఇడ్లీ తింటూ ఒక్కసారి నోటితో అనలేకపోయాను.

రేకులు ఆయన మళ్లీ ముందుకు జరపలేదు. కార్లిప్పుడు ఆయన ముందే ఆగుతాయి. నా గేటు ముందు ఖాళీ నూనె డబ్బా పెడతాడు. నా స్కూటీ చప్పుడు వినపడగానే పెనం మీది దోసెను దాని కర్మకు వదిలేసి వచ్చి డబ్బా తీస్తాడు. అట్లా మాడిన దోసెలన్నీ నా ప్లేటులోకే వస్తున్నాయి. కిమ్మనకుండా తింటున్నాను.

చేవెళ్ల నుంచి ఆర్డరు ఇంకా రాలేదు. గల్లీలో బండి చప్పుడైతే ఇప్పటికీ లేచి గేటు దాకా పోతున్నాను. పోను పన్నెండు, రాను పన్నెండు. డాక్టరుకు ఈ లెక్క చెప్పలేదు.