మా టీచరుగారి మంత్రాల ఆట

మా లెక్కల టీచరుగారు పోయిన వారం రాజోలులో కన్నుమూశారు. చర్చిలో జరిగిన జ్ఞాపకార్థ కూడికలో ఆవిడ భక్తి గురించీ క్రమశిక్షణ గురించీ చాలామంది మాట్లాడారు. ఆట ఊసు ఒక్కరూ ఎత్తలేదు. నేను లేవబోతే పక్కనున్నావిడ చెయ్యి పట్టుకుని, "ఇప్పుడవన్నీ ఎందుకండీ" అన్నారు. టీచరుగారు బతికుండగా దాచనిదాన్ని, పోయాక మేం దాచడమేమిటి? అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో ఆవిడ తమ్ముడు ఓడలో పనిచేసేవాడు. సెలవుకి వస్తూ ఏదో విదేశీ రేవులో కొన్న అట్టపెట్టె ఒకటి తెచ్చాడు. అందులో ఒక ఇంగ్లీషు పుస్తకం, రకరకాల ముఖాలున్న పాచికలు. ఒకరు కథ నడిపిస్తారు. మిగిలినవాళ్ళు మాంత్రికురాలిగానో యోధురాలిగానో తలొక పాత్రా తీసుకుని, తామేం చేస్తారో చెబుతారు. అది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. పదో తరగతితో చదువు మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టిన ఆడపిల్లలం ఆవిడుండే వీధిలో ముగ్గురం ఉండేవాళ్ళం. టీచరుగారు మమ్మల్ని పిలిచి బల్ల చుట్టూ కూర్చోబెట్టారు.

పుస్తకంలో మంత్రాలన్నీ మంచు తుఫానులూ, కొండలు పగలగొట్టడాలూను. "మనం ఎప్పుడైనా మంచు తుఫాను చూసేమా? మన మంత్రాలు మనమే రాసుకుందాం" అన్నారు.

నేను రాసింది నిద్ర మంత్రం. ఒక్క మాటతో ఎదురొచ్చిన కాపలావాళ్ళంతా పడి నిద్రపోతారు. కొన్నాళ్ళు ప్రతి ఆటా నా వల్లే గెలిచాం. నాకు మహా గొప్పగా ఉండేది.

"నీ మంత్రం వచ్చేక మిగతా ఇద్దరూ మాట్లాడ్డం మానేసేరు, చూసేవా?" అన్నారు టీచరుగారు.

నిజమే. మా యోధురాలికి కత్తి తీసే పనే లేకుండా పోయింది.

"తీసెయ్యమంటారాండీ?"

"తీసెయ్యక్కర్లేదు. బరువు పెట్టు. ఎంత బలమో అంత బరువూ ఉండాలి."

ఎన్నో రాసి కొట్టేసి, చివరికి కాపలావాళ్ళు లేచేదాకా మంత్రం వేసినదాని గొంతు పోతుందని రాశాను. ఇక నా తరఫున వాళ్ళిద్దరూ మాట్లాడవలసి వచ్చింది. ఆట మళ్ళీ ముగ్గురిదీ అయింది.

మాలో ఒకతె, పడవ సరంగు కూతురు, వరదను ఆపే మంత్రం రాసింది. టీచరుగారు చదివి, "ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయే?" అని అడిగారు. ఆమె, "అవతలి గట్టు మీదకండి" అంది.

"అయితే అవతల ఎవరున్నారో తెలుసుకున్నాకే వెయ్యాలని రాయి."

ఆ షరతు పుణ్యమా అని ఆ సాయంత్రమంతా అవతలి ఊళ్ళోవాళ్ళ గురించే ఆడాం.

మంత్రాలన్న మాట వీధి దాటింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలిద్దరు టీచరుగారి ఇంటికి వచ్చారు. మేం లేవబోతే కూర్చోమని ఆవిడ సైగ చేశారు.

"ఆడపిల్లలకి మంత్రాలు నేర్పుతున్నారటండి. సండేస్కూలు చెప్పే మీరు..." అన్నారు పెద్దాయన.

"ఆయ్. నేర్పడం కాదండి, తూకం వేయిస్తున్నాను. కూర్చోండి. మీరూ ఒకటి రాయండి."

"నేను రాస్తే ఈ ఆటే మాయమైపోయే మంత్రం రాస్తానండి."

"అలాగే రాయండి. మరి దానికి మీరేం వదులుకుంటారండి?"

ఆయన గుమ్మం వైపు తిరిగారు. "ఆట మానకపోతే సండేస్కూలు మీ చేతుల్లో ఉండదండి" అన్నారు రెండో ఆయన.

సండేస్కూలు చిన్నపిల్లలకి పాటలు నేర్పడమంటే టీచరుగారికి ప్రాణం. అయినా, "తీసుకుంటే తీసుకోండి. వీళ్ళని మాత్రం నేను ఇళ్ళకి పంపనండి" అన్నారు.

తీసేసుకున్నారు. మరుసటి ఆదివారం ఆవిడ చర్చిలో ఎప్పట్లాగే ముందు వరసలో కూర్చున్నారు. మధ్యాహ్నం మా చేత బల్లని గదిలోంచి వరండాలోకి లాగించారు. "లోపల ఆడితే తప్పు చేసినట్టుంటుంది" అన్నారు. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవారు. చూడనిచ్చారు. సండేస్కూలు మళ్ళీ ఆవిడకి ఇవ్వలేదు. ఆటా ఆగలేదు. మాలో ఇద్దరం ఇంట్లోవాళ్ళతో వాదించి ప్రైవేటుగా ఇంటర్ కట్టాం. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి వాదించడం నాకు ఆ బల్ల దగ్గరే అబ్బింది.

పోయిన నెల టీచరుగారిని చూడడానికి వెళితే మంచం మీద ఉన్నారు. మనిషి సగమైపోయారు. ఈమధ్య ఆవిడ దగ్గర ఆడుతున్న పక్కింటి పిల్ల, చనిపోయినవాళ్ళని బతికించే మంత్రం రాసి తెచ్చింది. ఎవరి కోసం రాసిందో నాకు అర్థమైంది. టీచరుగారికీ అర్థమైంది.

"ఇది నేను ఒప్పుకోనమ్మా."

"ఏం వదులుకోమన్నా వదులుకుంటానండి."

"చావు లేకపోతే ఆటలో ఎవరూ ఎవరికోసమూ జాగ్రత్త పడరు. ఇంకోటి రాయి."

పిల్ల ముక్కు తుడుచుకుని గడపలో కూర్చుంది. రబ్బరుతో గట్టిగా చెరిపి, ఒళ్ళో పడిన పొట్టు ఊదేసి, కొత్తగా మొదలుపెట్టింది. టీచరుగారు దిండు మీద మోచెయ్యి ఆనించి, మెడ సాచి, ఆ కాగితం వైపే చూస్తున్నారు.