బాపు గుండె బాగుంది

మా బాపుకు అరవై ఆరో ఏట ఆయాసం మొదలైంది. రఘునాథపల్లిలో మా చేను ఇంటికి దగ్గరే. ఆ కాస్త దూరానికే దారిలో మూడుసార్లు కూర్చునేవాడు. అంతకుముందు ఊళ్లో చేల గట్ల తగాదా ఏది వచ్చినా బాపే తీర్చేవాడు. ఇద్దరినీ గద్దించి, వెంటనే నవ్వించి పంపేవాడు.

ఎనభైల మొదట్లో నేను మహబూబాబాద్‌లో టీచర్ని. సెలవు పెట్టి బాపును జనగామ డాక్టరుకు చూపిస్తే ఆయన హైదరాబాదు పంపాడు. అక్కడ గుండెలో ఒక కవాటం గట్టిపడి సన్నబడిందన్నారు.

"ఆపరేషన్ చేయకపోతే ఎక్కువ కాలం ఉండరు. చేస్తే బాగుపడొచ్చు. కానీ ఈ వయసులో ప్రమాదం ఎక్కువమ్మా, ఆలోచించుకోండి" అన్నాడు సర్జన్.

బాపు ఆలోచించలేదు. "నాకు కోత వద్దు బిడ్డా. ఉన్నన్ని దినాలు ఉంట" అన్నాడు.

"నా కోసం చేయించుకో బాపు."

నా ముఖం చూసి తల వంచుకున్నాడు. "నువ్వు గిట్ల అడిగితే ఎట్ల కాదంట?"

ఆపరేషన్ అయ్యాక సర్జన్ నవ్వుతూ బయటికొచ్చాడు. అమ్మా నేనూ ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం, సంతోషంతో.

మూడో రోజు బాపుకు తెలివి వచ్చింది. అమ్మను చూశాడు, నన్ను చూశాడు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. కుడిచెయ్యి లేవలేదు. కవాటం నుంచి ఊడిన చిన్న ముక్క మెదడు రక్తనాళంలో అడ్డుపడి ఉంటుందని, పెద్ద వయసువాళ్లలో ఒక్కోసారి అలా జరుగుతుందని చెప్పారు. "గుండెకు మాత్రం ఢోకా లేదు" అన్నారు.

నిజమే. ఇంటికొచ్చాక, కాలు కాస్త ఈడుస్తూనే అయినా, చేను దాకా ఎక్కడా ఆగకుండా నడిచేవాడు. ఒకరోజు అన్నదమ్ములిద్దరు గట్టు తగాదాతో వచ్చారు. బాపు శ్రద్ధగా విని నోరు తెరిచాడు. "ఆ... ఆ..." అన్నదే వచ్చింది. కళ్లల్లోంచి నీళ్లు కారాయి. "మేమే సర్దుకుంటం పెద్దయ్య, నువ్వు పరేషాన్ గాకు" అని వాళ్లు లేచిపోయారు. ఆ తర్వాత తగాదాలతో ఎవరూ మా ఇంటికి రాలేదు.

"తప్పు చేసిన్నా అమ్మా?" అని అడిగాను.

అమ్మ ఆయన మూతి తుడుస్తోంది. "ఏం జెప్పాలె బిడ్డా. నువ్వు బతికించినవు. ఆయన బతుకుతున్నడు" అంది.

ఓ మధ్యాహ్నం బాపు ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని తన ఛాతీ మీద, కుట్ల మచ్చ మీద పెట్టుకున్నాడు. లోపల గుండె గట్టిగా, లయ తప్పకుండా కొట్టుకుంటోంది. నన్ను క్షమించాడో, నిందించాడో తెలియలేదు. అడిగినా చెప్పలేడు. అమ్మ అన్నానికి పిలిచేదాకా అట్లాగే కూర్చున్నాం. ఆ తర్వాత మరో మూడేళ్లు బతికాడు.