పప్పు లేని పథ్యం

మా అమ్మ పెట్టే పథ్యం కన్నా జైలు కూడు నయమని మా ఇంట్లో పాత మాట. నాన్న బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టర్‌గా రిటైరై, రాజ్‌కిశోర్ నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. పోయిన వానాకాలం మెట్ల మీద జారి కాలు విరిగితే, ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఆ రోజే పథ్యం మొదలైంది.

శ్రీకాకుళం నుంచి మా నానమ్మ మోసుకొచ్చిన నియమం ఒకటుంది. కోత పడ్డ ఒంటికి పప్పు పెడితే చీము పడుతుందని. పప్పుతో పాటు గుడ్డు, చేప, పెరుగు అన్నీ బంద్. మూడు పూటలా అన్నం, మిరియాల చారు, బీరకాయ వేపుడు. బ్యాంకులో ఉద్యోగం, పెద్ద చదువు ఉన్న నేను నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకున్నాను. నా కాన్పుకీ అదే తిన్నాను మరి.

నెలన్నర దాటినా గాయం ఒక చివర మూసుకోలేదు. అది మానితేగాని నడక లేదన్నారు. ఏనాడూ డ్యూటీ ఎగ్గొట్టని మనిషి మంచంలో గోడకేసి చూస్తూ పడుకుంటే, ఇక లేవరేమోనని నాకు భయమేసింది.

డాక్టరు పరీక్షలన్నీ చేయించారు. షుగర్ లేదు, ఇన్ఫెక్షన్ లేదు, రక్తంలో ప్రోటీన్ మాత్రం తక్కువ. నాన్నని చక్రాల కుర్చీలో, మమ్మల్ని వెంట డైటీషియన్ దగ్గరికి పంపారు. ఏం తింటున్నారని ఆ అమ్మాయి హిందీలో అడిగితే అమ్మ గర్వంగా అంతా చెప్పింది. ఆమె తిట్టలేదు, ఓపిగ్గా వివరించింది. గాయం పూడాలంటే ఒళ్లు కొత్త ప్రోటీన్ కట్టుకోవాలి. దానికి కావలసిన అమైనో ఆమ్లాల్లో తొమ్మిదింటిని ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. వాటిలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ, పప్పులో దండిగా ఉంటుంది. పప్పులో తక్కువైన మెథియోనిన్‌ని బియ్యం పూడుస్తుంది. రెండూ కలిస్తేనే పని సాగుతుంది.

నాన్న మావైపు తిరిగారు. "అచ్ఛా! ఒక్క పార్టు నేకపోతే ఇంజిను షెడ్డు దాటదు. మిగతా సామాను కుప్పేసినా ఏటి లాభం?"

అమ్మ ముఖం మాడిపోయింది. ఇంటికొచ్చి వంటింట్లో కూలబడి, "నా సేత్తోనే సేసినానే" అని ఏడ్చింది. నాకు అమ్మ మీద కన్నా నోరెత్తని నా మీదే కోపమొచ్చింది.

ఆ పూట కందిపప్పు ఉడికింది. అమ్మ నాన్నకి ముద్దపప్పు వేసి, తను చారు పోసుకుంది. రోగి ఎదుట వేరే వంట తినకూడదని నెలన్నరగా ఆమెదీ అదే తిండి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయని అప్పుడు చూశాను.

"ఏటే, నీ ఒంటికి సామాను అక్కర్నేదా? కంచం ఇలా తే" అని నాన్న సగం పప్పు ఆమెకి వేశారు.

దీపావళి వెళ్లాక గాయం పూర్తిగా మూసుకుంది. ఇప్పుడు నాన్న చేతికర్రతో వీధి చివరి కొట్టు దాకా వెళ్లి కందిపప్పు తానే తెస్తున్నారు.

పోయిన వారం పక్కింటి శ్రీకాకుళం వాళ్ల కోడలికి కాన్పు ఆపరేషనైంది. ఆ అత్తగారు చారు కాస్తుంటే, అమ్మ పప్పు గిన్నెతో వెళ్లి గుమ్మంలో నిలబడింది.

"సీము పడదా వదినా?" అందావిడ.

జన్మలో ఓటమి ఒప్పుకోని మా అమ్మ గిన్నె ఆమె చేతిలో పెట్టింది.

"పడదు. నాను తప్పు సేసినాను, నువ్వు సెయ్యకు."