ఉప్పునీళ్ల ముంత

మా అత్తగారింట్లో కూరలో ఉప్పు వేయరు, పోస్తారు. సంతలో కొన్న కల్లుప్పు మట్టితోనే వచ్చేది. దాన్ని ముంతెడు నీళ్లలో కరగబెట్టి, మడ్డి అడుగుకు దిగాక పైనున్న తేటను గరిటెతో కూరలో పోయాలి. మధిరలో మా అమ్మ చేత్తో వేయడమే చూసి పెరిగినదాన్ని. ఈ పోయడం నాకు ఎప్పటికీ కుదిరేది కాదు. ఒకనాడు చప్పిడి, ఒకనాడు నోట పెట్టలేనంత ఉప్పు. తిట్లు మాత్రం రెండింటికీ ఒకటే.

పెళ్లయి నాలుగేళ్లయినా నాకు పిల్లలు లేరు. భద్రాచలం అడవి అంచున ఉన్న ఆ ఊళ్లో నన్ను పలకరించిన ప్రతి ఒక్కరూ ముందు నా కడుపు వైపే చూసేవారు. అదే ఏడాది నా గొంతు కింద చిన్న వాపు కనిపించింది. ఊరికి వచ్చే నర్సమ్మ తడిమి చూసింది.

"పెద్ద దవాఖానాల చూపించుకో. ఇంట్ల మాత్రం అయోడిన్ ఉన్న పొట్లం ఉప్పే వాడు" అంది.

మా ఆయన రెండు పొట్లాలు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. అక్కడితో ఆయన పని అయిపోయింది, నా తంటా మొదలైంది.

"గా పొట్లం ఉప్పుల మందు కలుపుతుండ్రట, పిల్లలు పుట్టకుంట! అసలే నీకు కడుపు పండుతలేదు. ఇంక గది గూడ తింటవా?" అంది మా అత్త.

"ఎవరు చెప్పారత్తయ్యా?"

"సంతల అందరు అంటుండ్రు."

అంటూనే ఒక పొట్లం విప్పి బర్రె కుడితిలో పోసింది. ఆ మందు బర్రెకు పనిచేయదా అని అడగబోయి పళ్లు బిగబట్టాను. అది చూడి బర్రె.

మా ఆయనకు చెప్పుకుంటే, "అమ్మ చెప్పింది ఇను. నర్సమ్మ చెప్పింది గూడ ఇను" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. గొంతు నాది, కడుపు నాది, ఉప్పు మీద పెత్తనం మాత్రం ఊరందరిదీ.

మిగిలిన పొట్లాన్ని బియ్యం డబ్బాలో దాచాను. రోజూ తెల్లవారగానే అందులోంచి తీసి ముంతలో కరిగించేదాన్ని. అనుమానం రాకుండా అడుగున పాత మడ్డి అలాగే ఉంచాను. కరిగాక ఏ ఉప్పయినా నీళ్లే కదా. పొట్లం అయిపోతే నర్సమ్మ ఇంకొకటి సంచిలో తెచ్చి ఇచ్చేది.

"ఇప్పుడు నీ చెయ్యి కుదిరింది" అని మా అత్త పప్పు మళ్లీ వడ్డించుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఏడాది తిరగకుండానే నెల తప్పాను. ఇక మా అత్త నోటికి పట్టపగ్గాల్లేవు. "నేను పొట్లం బంద్ చేయించినంకనే కడుపు పండింది" అని గడపగడపకూ చెప్పి వచ్చింది. నాకు లోపల ఉడికిపోయేది. నా గొంతు వాపు తగ్గిందా అని ఒక్కరూ అడగలేదు.

మధిరలో పురుడు పోసుకుని, ఆడపిల్లతో తిరిగొచ్చాను. ఆ రోజు కొత్తగా పెళ్లయిన మా ఆడబిడ్డ అత్తగారింటికి బయలుదేరుతోంది. మా అత్త ఆమెకు కల్లుప్పు మూట కడుతోంది.

"వదినె, నిజంగ గీ ఉప్పుతోనేనా నీకు కడుపు పండింది?" అని ఆడబిడ్డ నన్ను అడిగింది. ఆ పిల్ల ముఖంలో భయం చూశాక ఇక నా వల్ల కాలేదు.

"కాదు. నేను పురిటికి పోయేదాకా ఈ ముంతలో కరిగిందంతా పొట్లం ఉప్పే. అత్తయ్యా, మీరూ అదే తిన్నారు."

మా అత్త చేతిలో మూట ఆగింది. ముంత వైపు చూసింది. తర్వాత నా ఒళ్లో నిద్రపోతున్న బిడ్డ వైపు చూసింది.

"గట్లనా! గందుకే ఆడపిల్ల పుట్టింది" అంటూ మూట ముడి బిగించింది.