చప్పుడు చేయని కాలు

అమీర్‌పేటలో దొరకని కోచింగ్ లేదంటారు. తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టి బయటపడ్డ నేను, ఆ కోచింగ్ బోర్డుల కిందే ఫోన్ కవర్లు అమ్ముకుంటాను. మా అమ్మాయికి కావలసిన కోచింగ్ మాత్రం ఏ బోర్డు మీదా కనపడలేదు. ఆ పిల్లకు నేలను తన్నడం రాదు.

తను సాఫ్ట్‌బాల్ పిచర్. చెయ్యి గిర్రున తిప్పి నడుము పక్క నుంచి బంతి వదలాలి. ఆదివారం జిల్లా జట్టు సెలెక్షన్. బంతికేమో వేగం లేదు. గ్లౌజు తొడుక్కుని ఎదురుగా కూర్చున్న నాకు మధ్యలో టీ తాగి వచ్చేంత తీరిక దొరికేది.

"నీ బంతి పెండ్లి పత్రికలు పంచుకుంట వస్తున్నట్టుంది బిడ్డా. ఇంటింటికీ ఆగుతుంది."

"నువ్వు పట్టు డాడీ, కామెంట్రీ బంద్ చెయ్."

గ్రౌండులో పిల్లలకు ఆట నేర్పే కోచ్ మేడం నవ్వలేదు. "అంతా చేతితోనే ఏస్తుంది అన్నా. బలం కాలి నుంచి రావాలె. వెనక కాలు నేలను తంతే ఒళ్లు ముందుకు దూకుతది, చెయ్యి దాని వెంబడి వస్తది." సుద్దతో గీత గీసింది. "తన్ని దూకు."

మా పిల్ల దూకింది. పిల్లి గోడ దిగినట్టు దిగింది, దుమ్ము కూడా లేవలేదు.

"గట్టిగ!"

మళ్లీ అంతే.

"ఇదేందమ్మా, చప్పుడే లేదు?"

"కింద ఓనర్ ఆంటీ ఉంటది మేడం" అంది మా పిల్ల. అనేశాక కాళ్ల కింద మట్టిని చూసుకుని నాలుక్కరుచుకుంది.

పంజాగుట్టలో మేముండేది ఓనర్ల నెత్తి మీది వాటాలో. గరిటె జారితే చాలు, కింద నుంచి కేక: "ఏంటండీ, ఏనుగుల్ని పెంచుతున్నారా?" అందుకని మా ఇంట్లో మడమ నేలకు ఆనదు. మా పిల్ల నడక నేర్చిందే మునివేళ్ల మీద.

"కింద ఎవ్వరు లేరమ్మా, వానపాములు తప్ప" అన్నాన్నేను.

ఆ రోజు నుంచి మేడం వేగం చూడటం మానేసి వీపు తిప్పి నిలబడేది. చెవిన పడితేనే లెక్క. "వినపడలే." "ఇంకా వినపడలే." శుక్రవారం నాటికి వెనక కాలు ధన్‌మని తన్ని, బొటనవేలు మట్టిలో చాలు గీసుకుంటూ రావడం మొదలైంది. బంతి నా గ్లౌజులో పడితే అరచెయ్యి భగ్గుమంది. అంత మంటలోనూ మస్తు ఖుషీ అయింది నాకు.

ఆదివారం సెలెక్టర్ సారు ముందు మొదటి బంతి. కాలు తన్నింది, ఒళ్లు దూకింది, చెయ్యి వెనకబడింది. బంతి క్యాచర్ నెత్తి మీదుగా నేరుగా వెనకనున్న ఇనప జాలీకి కొట్టుకుంది. జాలీ అవతల నిలబడ్డ నేను దబ్బున బోర్లా పడి నేలకు అతుక్కుపోయాను.

మా పిల్ల మొహం తెల్లబోయింది. రెండోది భయంతో మెల్లగా వేస్తుందేమో అనుకున్నాను. వెయ్యలేదు. అంతే గట్టిగా తన్నింది. ఈసారి క్యాచర్ గ్లౌజు టపాకాయలా పేలింది.

"గురి మేము నేర్పుకుంటం. గీ జోరు ఎవ్వరు నేర్పలేరు" అని సారు తనను ఎంపికైనవాళ్ల వైపు నిలబడమన్నాడు.

బయటికొచ్చాక నేను నా మోకాళ్ల మట్టి దులుపుకుంటుంటే మా పిల్ల వచ్చి పట్టుకుంది.

"మధ్యలో జాలీ ఉండె గదా, ఎందుకు పడుకున్నవ్ డాడీ?"

"జిల్లా ప్లేయర్ బంతి బిడ్డా. జర ఇజ్జత్ ఇయ్యాలె."